ప్రయాణంలో ఉన్నవారి కొరకు

పొద్దున్నే పెన్షన్లు పంచడం మొదలుపెట్టాలి, మంచం దిగలేని ముసలమ్మల ఇళ్ళకు ముందు వెళ్ళాలి. మిగిలినవి ఆఫీసులో నా తోటిపిల్ల ఇందుకి అప్పజెప్పి ఏలూరు బస్సు అందుకోవాలి. దిగగానే అమ్మ కళ్ళజోడు బాగుచేయించడానికి ఇవ్వాలి, ఒక కాడ ఊడిపోతే దారంతో కట్టుకుని తిరుగుతోంది. సున్నం కొనాలి. కుంచె కొనాలి, పాత కుంచెకి వెంట్రుకలు లేవని నాన్న నిన్న చెప్పాడు, ఇవాళ మళ్ళీ చెప్పాడు. నాన్న భుజానికి రాసే మందు. గాలికి ఆరిపోని కొవ్వొత్తులు, అంటే గాజు గ్లాసుల్లో పోసి అమ్మేవి, ఎందుకంటే మా సమాధుల తోట చెరువు గట్టుని ఆనుకుని ఉంటుంది, కొల్లేటి గాలి మామూలు కొవ్వొత్తిని అక్కడ వెలగనివ్వదు. బంతిపూలు రేపు కొనాలి, ఇవాళ కొంటే వాడిపోతాయి. రాయి పని దగ్గరుండి పూర్తి చేయించాలి. సాయంత్రం చేపల మేత వేసుకుని మా లంక వైపు వెళ్ళే బండిలో దాన్ని ఎక్కించాలి, పగలకుండా కింద గడ్డి వేయించాలి. బండిలోకి ఎక్కించడం తప్ప మిగతావన్నీ అయ్యాయి, ఇంకొక్కటి తప్ప. రాయి మీద రెండో తేదీ ఏమిటో చెప్పాలి.

రాయి చెక్కే వెంకట్రాజుగారు ఉలి పక్కన పెట్టి, నోటితో ఊది పొడి ఎగరగొట్టి, తలెత్తి అడిగారు. "పుట్టింది అయిపోయిందమ్మా. పోయిన తేదీ చెప్పండి." నేను రాయి వైపే చూస్తున్నాను. ఆయన నా మొహం చూసి ఏడుస్తానేమో అనుకున్నట్టున్నారు, తువ్వాలుతో చేతులు దులుపుకుని లేచారు. "పర్లేదమ్మా, నేను ఇంటికెళ్ళి రెండు మెతుకులు తినొస్తాను. గంట పడుద్ది. ఈలోపు ఇంట్లో కనుక్కోండి. ఆ కుర్చీ నీడలోకి లాక్కోండి, ఎండ మొహాన కొడుద్ది." సైకిలు వెళ్ళిపోయింది. టార్పాలిన్ కింద నేను, గోడకి ఆనించి నిలబెట్టిన రాళ్ళు. వెనక కాలువ, కాలువ అవతల రైలు పట్టాలు. గూడ్సు వెళ్తుంటే రాళ్ళన్నీ సన్నగా వణికాయి, అక్క పేరు కూడా. సిల్వియా. నల్ల గ్రానైటు మీద తెల్లటి అక్షరాలు, వాటిలో ఇంకా పొడి ఉంది. కొంగుతో తుడవబోయి ఆగాను, ఎందుకాగానో తెలియదు, నిద్రపోతున్న మనిషి మొహం తుడవం కదా, అలాగ.

అక్క నర్సు. ఏలూరులో ఒక ఆసుపత్రిలో చేసింది, తర్వాత గల్ఫు వెళ్ళింది, అక్కడినుంచి ఇంకా మంచి జీతమని సముద్రం అవతల వేరే దేశంలో ఆసుపత్రికి బయలుదేరింది. ఆమె ఎక్కిన విమానం రాత్రి లేచింది. తెల్లారేసరికి ఎక్కడా దిగలేదు. అంతే, ఏడేళ్ళ నుంచీ అంతే. విమానం నంబరు, కంపెనీ పేరు నేను రాయను, మీరు దాని వీడియోలు చూసే ఉంటారు, లేదంటే అలాంటి మరో విమానానివి చూసి ఉంటారు. అది లేచింది ఒక తేదీన, కనబడకుండా పోయింది అర్ధరాత్రి దాటాక, అంటే మరుసటి తేదీన. ఏడేళ్ళు కబురు లేని మనిషిని పోయినట్టే అనుకోవచ్చని ఈ ఏడు కోర్టువారిచ్చిన కాగితం మీద ఇంకో తేదీ ఉంది, మూడోది. ఆ రోజు అక్క ఏమీ చెయ్యలేదు. ఆ రోజు నేను మా గ్రామ సచివాలయంలో కూర్చుని ఎవరి రేషన్ కార్డులోనో కొత్త కోడలి పేరు కలుపుతున్నాను. నా ఉద్యోగమే అది, డిజిటల్ అసిస్టెంటుని, ఊళ్ళో వాళ్ళ పుట్టుకలూ చావులూ నా కంప్యూటర్ మీదుగానే పోతాయి. తేదీ దగ్గర ఖాళీ వదిలితే కంప్యూటర్ ముందుకి కదలదు, ఎర్రగా మెరుస్తూ అక్కడే నిలబడుతుంది. ఈ ఏడేళ్ళూ మా ఇల్లు కూడా అలాగే నిలబడి ఉంది.

పొద్దున నేను బయలుదేరుతుంటే నాన్న గుమ్మంలో కూర్చుని భుజం నొక్కుకుంటున్నాడు. "తేదీ మర్చిపోకమ్మా. తేదీ లేకపోతే అదేం సమాధి, చేపల చెరువు హద్దురాయిలాగుంటది." నాన్నది చెరువుల మీద కాపలా. పేరు ఆనంద్ పాల్, ఆ పేరు మిషను హాస్పిటల్లో పుట్టినప్పుడు దొరసాని పెట్టిందట, ఊళ్ళో అందరూ పాలయ్య అంటారు. చేపల మీదికి దిగే గూడబాతుల్ని రేకు డబ్బా వాయించి లేపడం ఆయన పని. అవి లేస్తాయి, గాల్లో ఒక చుట్టు చుట్టి పక్క చెరువు మీద వాలతాయి, అక్కడి కాపలా మనిషి డబ్బా వాయిస్తాడు, మళ్ళీ మా చెరువు మీదికొస్తాయి. చిన్నప్పుడు నేనూ అక్కా గట్టు మీద కూర్చుని నవ్వేవాళ్ళం, సాయంత్రానికి పక్షులకీ నాన్నకీ ఇద్దరికీ ఆయాసమేనని. ఎగిరినవన్నీ ఎక్కడో ఒకచోట వాలతాయని మాకు అప్పుడే తెలుసు. అది మాకు చదువు నేర్పించిన విషయం కాదు, కళ్ళతో చూసింది. అందుకే మొదటి రోజు టీవీలో విమానం కనబడటం లేదని చెప్తే నాన్న కంగారుపడలేదు. "ఎక్కడో వాలుంటది," అన్నాడు, అన్నం కలుపుకుంటూ.

తర్వాత ఊరు ఊరంతా ఆ విమానాన్ని వెతికింది. అహరోను పెదనాన్న రైల్వేలో గేటుమనిషిగా చేసి రిటైరయ్యాడు, ఆయన లెక్కలో తప్పు కింద కూర్చున్నవాడిది, సిగ్నల్ ఇచ్చేవాడు కునుకు తీసి ఉంటాడు, లైను మారిపోయింది, పాపం డ్రైవరేం చేస్తాడు. చెరువుల యజమాని గోపీచంద్‌గారు మీసం దువ్వుకుంటూ, "ఇన్సూరెన్సండీ, ఇంకేముంది. నష్టాల్లో ఉన్న కంపెనీ. పాత విమానం ముంచేస్తే కొత్త విమానం వచ్చుద్ది," అన్నారు. ఆయన చెరువులో చేపలు చచ్చిన ఏడు ఆయన ఏం చేశారో తెలిసినవాళ్ళు తలొంచుకుని నవ్వుకున్నారు. ఉజ్జీవ కూటాలకి వచ్చిన ప్రసంగీకుడొకాయన మా ఇంటికొచ్చి, అమ్మ నెత్తిన చెయ్యి పెట్టి, మీ అమ్మాయి పోలేదమ్మా, ప్రాణంతోనే పరలోకానికి ఎత్తబడింది అన్నాడు. అమ్మ కళ్ళు తుడుచుకుని, "మరి డ్రైవరు కూడానాండీ?" అని అడిగింది, ఎగతాళికి కాదు, నిజంగానే. ఆయన కాఫీ తాగకుండా లేచిపోయాడు. నాతో పనిచేసే ఇందు మాత్రం తలుపేసి, గొంతు తగ్గించి చెప్పింది, ఎవరో దాన్ని దించుకున్నారే, ఏదో దీవిలో అందర్నీ దాచిపెట్టారు, మీ అక్క నర్సు కదా, నర్సుని ఎవరూ చంపరు, వాళ్ళకీ జ్వరాలొస్తాయి. ఇందు మంచిది. ఆ మాట తీసుకెళ్ళి అమ్మకి చెప్పాను. ఆ రాత్రి అమ్మ చాన్నాళ్ళకి కడుపు నిండా తింది. ఎవరి ఊహ వాళ్ళ బతుకులోంచి వచ్చింది, ఎవరి చేతిలో ఉన్న తాళంచెవితో వాళ్ళు ఆ తలుపు తీయబోయారు, నాకు కోపం లేదు. నా చేతిలో ఉన్నది ఇంగ్లీషు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. మా పేటలోనే మొదటిదాన్ని, తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉండి చదివాను, ఫీజులు అక్క కట్టింది. ఇంగ్లీషు మీడియం తీసుకోమని పట్టుబట్టింది కూడా తనే. "నేను డాక్టర్ల ముందు తలూపుతూ బతికేశాను, నువ్వు నోరు తెరిచి మాట్లాడాలే," అనేది. ఆ ఇంగ్లీషుతో నేను ఏం చదివాను? ఉపగ్రహాలు, ఇంధనం, సముద్రపు లోతు, పైలట్ ఇంట్లో గొడవలు, సామానులో ఉన్న బ్యాటరీలు. విమానంలో గాలి తగ్గిపోయి అందరూ సీట్లలోనే నిద్రలోకి జారుకుంటే, నడిపేవాళ్ళెవరూ లేకుండా అది తెల్లవారేదాకా తనంతట తాను ఎగురుతూ పోయిందని ఒకాయన రాశాడు. ఎక్కడో దూరతీరంలో కొట్టుకొచ్చిన ఒక ముక్క ఆ విమానానిదేనని ఒకరు, కాదని ఒకరు. రోజూ పని నుంచి రాగానే అమ్మ మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చునేది. "ఇవాళేమన్నారే?" నేను తెలుగులో చెప్పేదాన్ని. లోతు అన్న మాట వస్తే దాటేసేదాన్ని. చేపలు అన్న మాట అసలు రానిచ్చేదాన్ని కాదు, మా ఇంట్లో చేపల గురించి అందరికీ తెలుసు. గాలి తగ్గిపోయిన సంగతి చెప్పిన రోజు, నిద్రపోయారంటమ్మా, ఎవరికీ ఏమీ తెలియలేదంట అన్నాను. అమ్మ చెంగు భుజాల చుట్టూ లాక్కుంది. "దానికి చలెక్కువ. దుప్పటి ఇచ్చుంటారా?" అంది. ఇస్తారమ్మా, విమానంలో అందరికీ ఇస్తారు అన్నాను. ఆ సంగతి నాకు తెలియదు. నేను ఇప్పటిదాకా విమానం ఎక్కలేదు.

రన్‌వే మీద మాత్రం నడిచాను, అక్కతో. తాడేపల్లిగూడెంలో యుద్ధకాలంలో తెల్లవాళ్ళు వేసిన పాత రన్‌వే ఉంది, పొడుగ్గా, పగుళ్ళు పడి, పగుళ్ళలో గడ్డి మొలిచి. పొద్దున్నే జనం వాకింగుకి వస్తారు, కుర్రాళ్ళు కారు నేర్చుకుంటారు. నా పరీక్షలప్పుడు అక్క హాస్టలుకొచ్చి, ఉల్లిపాయల మార్కెట్టు దగ్గర వేడి బజ్జీలు కొని, పద చూద్దాం, రేప్పొద్దున విమానం ఎక్కేదాన్ని ఇక్కడ అలవాటు చేసుకోవాలి కదా అంది. గల్ఫు వీసా వచ్చిన వారం అది. చెప్పులు చేత్తో పట్టుకుని, చున్నీ నడుముకి చుట్టుకుని, చేతులు రెండూ చాపి పరుగెత్తింది. వాకింగు చేసే పెద్దమనుషులు ఆగి చూశారు. నాకు సిగ్గేసింది, అక్కా ఆగవే, అందరూ చూస్తున్నారు అని అరిచాను. చాలా దూరం పరుగెత్తి, చిన్నదైపోయి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగి ఏదో అంది. గాలికి వినబడలేదు. తర్వాత అడగడం మర్చిపోయాను, బజ్జీలు చల్లారిపోతాయని తిందామనడమే గుర్తుంది. ఇప్పుడు అదీ ఒక సముద్రంలాగే అయిపోయింది నాకు, ఆ దూరంలో అక్క ఏమని ఉంటుంది? దాని మీద ఎవరూ వీడియో చెయ్యరు.

అక్కకి ఈత రాదు. లంకలో పుట్టి ఈత రాని ఆడపిల్ల తనొక్కతే. తాటిదోనె ఎక్కితే సరిగ్గా మధ్యలో కూర్చుని రెండంచులూ గట్టిగా పట్టుకునేది, వేళ్ళు తెల్లబడిపోయేవి, నాన్న కావాలని దోనె ఊపితే ఊరంతా వినబడేలా తిట్టేది. ఎండ కుర్చీ మీదికి వచ్చేసింది. జరిగాను. ఇది ఆలోచించకూడదని నాకు నేను పెట్టుకున్న కట్టుబాటు, అయినా వస్తుంది, దోనె అంచుల మీద ఆ వేళ్ళు వస్తాయి. అప్పుడు నేను వెంటనే ఆ గాలి తగ్గిన మాట తెచ్చుకుంటాను, నిద్రపోయారు, నిద్రపోయారు. అన్ని ఊహల్లోనూ నిజం ఏదో నాకు తెలియదు, ఏది కావాలో మాత్రం తెలుసు. ఎవరికీ చెప్పలేదు ఇది. ఎవరికి చెప్తాను, అమ్మకి చెప్పలేను, నాన్న వినడు, ఇందు ఏడుస్తుంది, నేనే ఆమెకి నీళ్ళివ్వాలి. ఇంగ్లీషులో ఉన్నదంతా మోసి తెచ్చి తెలుగులో సగమే దించాను. మిగతా సగం ఏడేళ్ళుగా నా దగ్గరే ఉంది.

మా గుడిలో ఒక పద్ధతుంది. మా లంకలోంచి కువైట్‌కీ మస్కట్‌కీ ఇళ్ళల్లో పనికి, ఆసుపత్రుల్లో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు ఎక్కువ, అందుకని పాతకాలం అయ్యగారెవరో పెట్టారట. ఆదివారం ఆరాధనలో ప్రసంగం అయ్యాక అయ్యగారు, "ప్రయాణంలో ఉన్నవారి కొరకు ప్రార్థిద్దాం, వారి ఇంటివారు నిలబడండి" అంటారు. దూరదేశంలో మనిషున్న ప్రతి ఇంటి నుంచీ ఒకరు నిలబడాలి. అయ్యగారు నిలబడినవాళ్ళని చూస్తూ ఒక్కొక్క పేరే పలుకుతారు, కాగితం ఉండదు, మొహం చూసి పేరు చెప్తారు. అచ్చమ్మ నిలబడితే కూతురు జ్యోతి, ప్రసన్న నిలబడితే తల్లి మార్తమ్మ. మనిషి తిరిగొచ్చాక ఇంటివాళ్ళు కూర్చుండిపోతారు, ఆ పేరు ఆగిపోతుంది. అక్క వెళ్ళిన ఆదివారం నుంచీ అమ్మ నిలబడుతోంది. విమానం పోయిన ఆదివారమూ నిలబడింది. అయ్యగారు ఆమె మొహం చూసి, సిల్వియా అన్నారు. తర్వాత ఇద్దరు అయ్యగార్లు మారారు. కొత్తవారు ఊళ్ళోకి రాగానే అమ్మ వెళ్ళి పేరు చెప్పి వచ్చేది, ఎక్కడుందమ్మా అని వాళ్ళు అడిగితే, ప్రయాణంలో ఉందండి అనేది. మొదట్లో వెనక బెంచీల్లో గుసగుసలుండేవి. ఇప్పుడు లేవు. ఇప్పుడు అమ్మ నిలబడితే పిల్లలు నేలచూపులు చూస్తారు, పెద్దవాళ్ళు పాటల పుస్తకంలో పేజీలు తిప్పుతారు.

నాన్న ఆ వేళకి గుడి బయట చెప్పుల దగ్గర నిలబడతాడు. ఆయనకి కావలసింది వేరు. సమాధుల పండుగకి ముందు రోజుల్లో మా పేటలో మగవాళ్ళంతా సున్నం డబ్బాలు పట్టుకుని తోటకి పోతారు, ఎవరి సమాధులకి వాళ్ళు గడ్డి పీకి, మట్టి సర్ది, తెల్లగా వేసుకుంటారు, మాటలూ జోకులూ బీడీలూ, అదొక పండుగే. నాన్న మా నానమ్మ అచ్చాయమ్మ సమాధికి వేస్తాడు. అది చిన్న సమాధి, సున్నం మిగిలిపోతుంది. పక్కన ఖాళీ నేల వైపు చూసి, మిగిలిన సున్నం పారబొయ్యడు, ఎవరిదో దిక్కులేని సమాధికి వేసి వస్తాడు. పోయిన ఏడు భుజం పైకి లేవక మధ్యలో కూర్చుండిపోయాడు. ఇంటికొచ్చి అమ్మతో అన్నాడు, "నా చెయ్యి పడిపోకముందే నా కూతురికి ఒక్కసారి సున్నం వేసుకోనీ, నిర్మలా." అమ్మ లోపలికెళ్ళిపోయింది. ఈ ఏడు కోర్టు కాగితం వచ్చింది. రాయి చేయించమని నాన్న నాకు చెప్పాడు. అమ్మ కాదనలేదు, సరే అనలేదు, వింటూ కూర గిన్నె తోముతూ ఉంది. రేపు సమాధుల పండుగ, రేపే ఆదివారం, రెండూ ఒకే రోజొచ్చి పడ్డాయి. పొద్దున అమ్మ గుడిలో నిలబడాలి. సాయంత్రం ఈ రాయి ముందు కొవ్వొత్తి పెట్టాలి. ఈ రాయి మీద పోయిన తేదీ ఉంటే, పొద్దున అమ్మ ఏ మొహంతో లేస్తుంది? లేవకపోతే, అమ్మని ఆ బెంచీలో కూర్చోబెట్టింది నేనవుతాను, ఈ చేత్తో, ఈ డిగ్రీతో. తేదీ వెయ్యకపోతే నాన్న.

లేచి నడిచాను. గోడ వెంట రాళ్ళు ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి, దేవుడి పటాలు చెక్కినవి, సిలువలు చెక్కినవి, సర్పంచిగారి శంకుస్థాపన ఒకటి, తప్పు పడి వదిలేసినదేమో, ముగ్గుపిండిలాంటి పొడి అన్నింటి మీదా. చివర ఒక వెడల్పు రాయి. రెండు పేర్లు, ఆలుమగలవి. ఆయన పేరు కింద పుట్టినదీ పోయినదీ రెండూ ఉన్నాయి. ఆమె పేరు కింద పుట్టినది మాత్రమే ఉంది, దాని కింద నున్నగా, ఖాళీగా, వేలు జారిపోయేలా. మా తోటలోనూ ఉన్నాయి ఇలాంటివి, నేను చిన్నప్పటినుంచీ చూసినవే. ఒకరు ముందు పోతే రాయి ఇద్దరికీ కలిపి చేయించుకుంటారు, బతికున్న మనిషికి రెండో తేదీ చోటు ఖాళీగా వదిలేస్తారు. ఆ ముసలమ్మలు ప్రతి ఏడూ పండుగకి వచ్చి తమ పేరు తామే తుడుచుకుని, ఖాళీ చోటు దగ్గర కూడా ఒక పువ్వు పెట్టి, నవ్వుకుంటూ పోతారు. ఎర్రగా మెరవని ఖాళీ. రాయి ముందుకి కదలమని ఎవరినీ అడగదు. నేను ఆ నున్నటి చోట అరచెయ్యి పెట్టి నిలబడ్డాను, ఎండకి వెచ్చగా ఉంది.

అప్పుడు ఫోను మోగింది. అమ్మ. "తిన్నావే జెస్సీ?"

"తిన్నానమ్మా." తినలేదు.

"కళ్ళజోడు అయ్యిందా?"

"అయ్యింది. అమ్మా, తేదీ అడుగుతున్నాడు రాయి ఆయన."

అవతల నీళ్ళ చప్పుడు, కోడి అరుపు. అమ్మ కొళాయి కట్టేసినట్టుంది. "నేను దానికోసం నిలబడేది అది వస్తుందని కాదే," అంది. చాలా మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెప్తున్నట్టు. "ఆ సంగతి నాకు ఎప్పుడో తెలుసు. నేను కూర్చుండిపోతే అయ్యగారి నోట దాని పేరు ఇంక రాదు. వారానికి ఒక్కసారైనా దాని పేరు పైకి వినబడాలి కదే. నేననుకుంటే నాలోపలే ఉంటుంది, ఇంకొకళ్ళు అనాలి."

రైలు ఏదో వెళ్ళింది. అమ్మ ఆగి, అది వెళ్ళాక మళ్ళీ మొదలుపెట్టింది. "నువ్వు రోజూ చదివి చెప్పేదానివి. దీవులన్నావు, దొంగలన్నావు, గాలన్నావు. అవన్నీ నిజమని విన్నాననుకున్నావా పిచ్చిదానా? వాటిల్లో ఎక్కడన్నా దాని పేరొస్తుందేమోనని వినేదాన్ని. ఏడేళ్ళలో ఒక్కసారీ రాలేదు. విమానం గురించే చెప్పుకున్నారు." గిన్నె ఏదో బోర్లించిన చప్పుడు. "మీ నాన్నకి తేదీ ఎందుకే, ఆయనకి చదవడం రాదుగా. పేరు మీద వేలుపెట్టి తడుముకుంటాడు, సున్నం వేసుకుంటాడు. ఆయనకి ఒక చోటు కావాలి. నీకెలా తోస్తే అలా చేసిరా. బువ్వ తిను." పెట్టేసింది.

నేను తినలేదని అమ్మకి తెలుసు. ఇన్నేళ్ళూ నేను దాటేసిన మాటలన్నీ అమ్మకి తెలుసు, లోతూ చేపలూ. ఒకరికొకరం దాచుకుంటూ ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్నాం, మధ్యలో మంచినీళ్ళ చెంబు. ఆ చెంబు గుర్తొచ్చి ఏడుపొచ్చింది, చాలాసేపు, రాళ్ళ మధ్య, ఎవరూ చూడకుండా.

వెంకట్రాజుగారు వచ్చారు, కిళ్ళీ నములుతూ. నా మొహం చూసి ఇంకోవైపు తిరిగి ఉలి తీసుకున్నారు. ఎవరు చెప్పారో, లేక చిన్న వయసు లెక్కగట్టుకున్నారో, "ఏమైందమ్మా అమ్మాయికి?" అన్నారు. చెప్పాను. ఆయన కళ్ళు పెద్దవైపోయాయి. "ఆ విమానమా! మా అల్లుడు చూపించాడు కదమ్మా ఫోన్లో. అది పైలట్ పనేనంట, ఆయనకి అప్పటికే..." ఆగిపోయారు. చేతిలో ఉలి కిందికి దిగింది. "చాలా చూశానమ్మా దాని మీద. దాంట్లో మనవైపు పిల్ల ఉందని ఒక్కడూ చెప్పలేదే."

"రెండో తేదీ వద్దండీ," అన్నాను. "ఆ వెడల్పు రాయిలాగ వదిలేయండి, నున్నగా."

"అది ఉన్నవాళ్ళకమ్మా, అలా వదిలేది."

"తెలుసండీ."

ఆయన ఉలి పక్కన పెట్టేశారు. ఆ చోట ఇంకొకసారి రాయి పెట్టి రుద్దారు, నీళ్ళు చల్లి, మళ్ళీ రుద్దారు, ఆకాశం కనబడేదాకా. మేత బండి కుర్రాళ్ళు గడ్డి పరిచారు. ఇంటికి వెళ్ళేసరికి చీకటి పడుతుంది, రాత్రికే నాన్న వేళ్ళతో ఆ పేరు వెతుక్కుంటాడు. రేపు పొద్దున అమ్మ నిలబడుతుంది. ఈసారి ఆమె పక్కన నేను కూడా నిలబడతాను.

ఇక మీతో ఒక మాట. నాకు కూడా ఒక ఊహ ఉంది, ఇంతవరకూ ఎవరూ చెప్పనిది. అక్క సూది వెయ్యకముందే రోగి చెయ్యి నిమురుతూ, "అయిపోయిందండీ, అయిపోయింది," అనేది. ఏలూరు ఆసుపత్రిలో ఒక తాత, "ఇంకా పొడవలేదు కదమ్మా!" అని పకపకా నవ్వాడు, ఆ నవ్వులో సూది దిగిపోయింది, ఆయనకి తెలియలేదు. విమానం ఎటు తిరిగిందో, ఎందుకు తిరిగిందో నాకు తెలియదు. అది ఎక్కడికి పోయినా సరే, నీళ్ళంటే భయపడే మా అక్క తన సీటు అంచులు వదిలేసి, పక్క సీట్లో ఉన్నవాళ్ళ చెయ్యి పట్టుకుని, అయిపోయిందండీ, అయిపోయింది అని చెప్తూనే ఉండి ఉంటుంది. ఆ విమానం మాట మీ మధ్య వచ్చినప్పుడు మీకు నచ్చినట్టు అనుకోండి, పైలటనండి, దీవి అనండి, నేనేమీ అనుకోను. చివర్లో ఒక్కసారి, పక్కవాళ్ళకి వినబడేలా, ఆమె పేరు పలకండి. సిల్వియా. నిర్మల, ఆనంద్ పాల్‌ల పెద్దమ్మాయి. నర్సు. కొల్లేటి లంకలో పుట్టింది, ఈత రాదు, రన్‌వే మీద చేతులు చాపి పరుగెత్తింది. ఆమెను గుర్తుపెట్టుకోండి.